పాత ఫిడేలునకు క్రొత్త భాగములు

పాత వాయిద్యమును బాగుచేయించుటకంటె క్రొత్తదానిని కొనుటయే మేలని మన పాఠశాల పిల్లల తలిదండ్రులలో పలువురు తలంచుచున్నారు. తాతగారి కాలపు ఫిడేలు అటకమీద నుండగా, అంగడికి పోయి పెట్టెతోడను కమానుతోడను కూడిన క్రొత్త ఫిడేలును తక్కువ వెలకు కొని తెచ్చి పిల్లవాని చేతికిచ్చెదరు. ఆఱు నెలలు గడచునప్పటికి పిల్లవాడు దానిని మూలకు చేర్చును. వానికి సంగీతజ్ఞానము లేదని ఇంటివారు నిశ్చయించుకొందురు. ఈ నిశ్చయముతో మేము ఏకీభవింపజాలము. బిరడాలు జాఱుచు, తీగలు పలకకు వ్రేలెడు ఎత్తున నిలిచియున్న వాయిద్యముమీద ఎంతటి విద్వాంసుడైనను సరళీస్వరములను శుద్ధముగా పలికింపలేడు. ఇక పదియేండ్ల పసివాడెంత? కొయ్యలోని దోషమునకు చెవిని నిందించుట న్యాయము కాదు.

అటకమీది ఫిడేలును బాగుచేయించినవారును లేకపోలేదు. కాని వారిలో సగము మంది దానిని చెఱిపించుకొనిరని చెప్పవలసియున్నది. అంగడిలో దొరకిన భాగమును తెచ్చి, అది ఫిడేలునకు సరిపడనప్పుడు, ఫిడేలునే చెక్కి ఆ భాగమునకు సరిపుచ్చిరి. ఇది తలక్రిందుల పని. భాగమును వాయిద్యమునకు తగినట్లు చెక్కవలెను గాని, వాయిద్యమును భాగమునకు తగినట్లు చెక్కరాదు. ఈ సంగతి గ్రహించినవారికి మంచి భాగమేదో చెడ్డ భాగమేదో తెలిసికొనుట అంత కష్టము కాదు.

ఫిడేలు సముద్రముల కావలినుండి వచ్చినదైనను నేడు మనదే. బాలుస్వామి దీక్షితులవారు (1786-1858) దానిని నేర్చి దక్షిణదేశపు సంగీతమునకు అలవరచిన పిమ్మట నూఱేండ్లలో అది కచేరీలకు తప్పనిసరియైనది. మన తెలుగుదేశమున ద్వారము వెంకటస్వామి నాయుడుగారు (1893-1964) విజయనగరపు సంగీత కళాశాలలో దానిని బోధించి, తామొక్కరే సభలో కూర్చుండి వాయించి దానికి ప్రత్యేక గౌరవమును తెచ్చిరి. మన ప్రార్థనాలయములలో పురుషోత్తమ చౌదరిగారు మొదలగువారి కీర్తనలు రాగతాళములతో కూడినవి గనుక, వానికి హార్మోనియముకంటె ఫిడేలు చక్కగా తోడగునని మా అభిప్రాయము. హార్మోనియము గమకమును పలుకజాలదు. ఈ హేతువుచేతనే మన పాత సంఘస్థుల యిండ్లలో ఒక్కొక్కచోట ఫిడేలు పెట్టె యొకటి కానవచ్చుచుండును.

ఆ పెట్టెను తెఱచి, ఫిడేలు కడుపులోనికి తొంగిచూచి, అచట నంటించిన కాగితముపై ‘స్ట్రాడివేరియసు’ అను పేరును, పదునెనిమిదవ శతాబ్దపు సంవత్సరమునొకదానిని చదివి ఉప్పొంగినవారిని మేమెఱుగుదుము. వారి యుత్సాహమును చల్లార్చుట మాకిష్టము లేదు గాని నిజము చెప్పక తప్పదు. ఇటలీ దేశపు క్రెమోనా పట్టణమందలి ఆ మహాశిల్పి 1737లో మరణించెను. ఆయన చేసిన వాయిద్యములు లోకమంతటను సుమారు 650 మాత్రమే నిలిచియున్నవి. పందొమ్మిదవ శతాబ్దమునను ఇరువదవ శతాబ్దపు మొదటను జర్మనీలోని మార్క్‌నాయికిర్షెను, మిట్టెన్‌వాల్డు ఊళ్లలోను, ఫ్రాన్సులోని మీర్‌కూరులోను లెక్కకు మించిన ఫిడేళ్లు తయారై దేశదేశములకు ఎగుమతి అయ్యెను. వానిలో పెక్కింటికి, ఫలాని శిల్పి మాదిరిని చేసితిమని తెలుపుటకు, ఆ శిల్పి పేరుగల కాగితమునే అంటించిరి. కాగితముపై జర్మనీలో చేయబడినదని ఆంగ్లమున ముద్రింపబడి యున్నచో అది తఱచుగా 1890 తరువాతిది. ఏలయన దిగుమతి సరకులపై దేశము పేరు వ్రాయవలెనను అమెరికా చట్టము ఆ సంవత్సరముననే పుట్టినది. ఇంతమాత్రముచే అట్టి ఫిడేలు హీనమైనదని తలంపరాదు. పల్లెటూరి కుటుంబములు ఇంటింట చెక్కి, నూఱేండ్లు ఆఱిన కొయ్యతోనున్న ఆ వాయిద్యములు నేటి చౌక ఫిడేళ్లకంటె ఎంతయో మేలు. అయితే భాగములు వెదకునప్పుడు ఆ కాగితము అక్కఱకు రాదు. కొలబద్దయే అక్కఱకు వచ్చును.

ఫిడేలులో మార్చదగినవి కొన్ని, మార్చరానివి కొన్ని కలవు. తీగలు, బ్రిడ్జి, బిరడాలు, లోపలి పుల్ల, తీగలను క్రిందివైపున పట్టియుంచు టెయిల్‌పీసు, కమాను వెండ్రుకలు, ఇవి అరుగుటకే పుట్టినవి. పైపలక, వెనుకపలక, ప్రక్కబద్దలు, తల, పై వార్నిషు, ఇవియే ఫిడేలు. వీని జోలికి పోరాదు. ఒకానొక ప్రార్థనాలయమున క్రిస్మసు పండుగకు బెంచీలకు పూయగా మిగిలిన వార్నిషును వృథా యేల చేయవలెనని ఫిడేలునకు పూసిరి. అది మిలమిల మెఱసినది. కంఠము మాత్రము మూతపడినది. మనవారు క్రింద కూర్చుండి ఫిడేలు తలను కుడికాలి చీలమండపై నానించి వాయించుటచే పాత ఫిడేళ్ల తలవద్ద వార్నిషు అరిగి కొయ్య బయటపడియుండును. అది వాయించినవాని కష్టమునకు గుర్తు, దానినట్లే యుండనిండు.

ఇక బ్రిడ్జిని గూర్చి కొంత వివరముగా చెప్పవలెను. వీణకైనచో దీనినే గుఱ్ఱమందురు. తీగలకును పైపలకకును నడుమ నిలిచిన ఈ చిన్న పలకయే నాదమును లోపలికి చేరవేయును. నాలుగు తీగల లాగుడు మొత్తము 20 కిలోలకు మించును; దానిలో 7, 8 కిలోల బరువు ఈ పలక పాదములగుండ పైపలకపై పడును. ఆ పైపలకయో, మూడు మిల్లీమీటర్ల మందము. అంగడిలో సిద్ధముగా తీగగాళ్లు కోసి అమ్ము బ్రిడ్జిని తెచ్చి నిలువబెట్టినచో, దాని పాదములు చదునుగా నుండుటచేతను ఫిడేలు పలక వంపుగా నుండుటచేతను అంచులమీద మాత్రమే ఆనును. ఒక పలుచని కాగితమును పాదము క్రింద దూర్చి చూడుడు. కాగితము దూరినచో ఆ బ్రిడ్జి కూర్చుండలేదని యర్థము. నాదము సన్నగిల్లును, కాలక్రమమున పైపలకపై రెండు గుంటలు పడును.

కావున కొనవలసినది సిద్ధమైన బ్రిడ్జి కాదు, చెక్కవలసిన దిమ్మ. అది మేపిలు చెట్టు కొయ్యతో చేసినదై యుండవలెను. మంచి దిమ్మకు ఒక ముఖమున చిన్నచిన్న మెఱుపుల వంటి గీతలు చల్లినట్లు కనబడును. ప్రక్కనుండి చూచిన సన్నని రేకలు తిన్నగా సాగిపోవును. కొయ్య గట్టిగా నుండి, మేజాపై వేసినప్పుడు ఖంగున మ్రోగును. తెచ్చునప్పుడు అది మందముగాను మోటుగాను ఉండును. అదియే దాని గుణము. ఏలయన పాదములను మీ ఫిడేలు వంపునకు తగినట్లు అరగదీయుటకును, ఎత్తును తగ్గించుటకును, పైయంచును ఒకటిన్నర మిల్లీమీటరు వఱకు పలుచన చేయుటకును దానిలో కొయ్య మిగిలియున్నది. వ్రేళ్ల పలక కొసను మందపు తీగ అయిదున్నర మిల్లీమీటర్ల ఎత్తునను, సన్నపు తీగ మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తునను ఉండుట వాడుక. గమకములకొఱకు మనవారు ఇంకను కొంచెము దించుకొందురు. ఇదంతయు ఫిడేలును ఎదుట నుంచుకొని చేయవలసిన పని. బ్రిడ్జిని తపాలాలో తెప్పించుకొని ఇంటియొద్ద నిలుపుకొందుమనువారు, కంటిని పరీక్ష చేయింపక కండ్లజోడు తెప్పించుకొనువారితో సమానులు.

బ్రిడ్జి పాదమునకు కొంచెము వెనుకగా, సన్నపు తీగ వైపున, ఫిడేలు లోపల ఆఱు మిల్లీమీటర్ల లావుగల పుల్ల యొకటి నిలువుగా నుండును. ఫ్రెంచివారును ఇటాలియనులును దీనిని ‘ఆత్మ’ యని తమ భాషలలో పిలుచుదురు. జిగురు లేదు, మేకు లేదు; పలకల నొక్కుడుచేతనే నిలిచియుండును. ఇది స్ప్రూసు కొయ్యతో చేసినదై, దాని రేకలు పైపలక రేకలకు అడ్డముగా నుండునట్లు నిలుపవలెను. నాలుగు తీగలను ఒక్కమాఱుగా విప్పినచో ఈ పుల్ల పడిపోవును. అందుచేత తీగలను ఒకదాని తరువాత ఒకటిగానే మార్చవలెనని మా విద్యార్థులకు మఱల మఱల చెప్పుచున్నాము. పడిన పుల్లను పారవేయక పెట్టెలో దాచవలెను. క్రొత్తదానికి అదియే కొలత.

బిరడాల సంగతి మన తీరప్రాంతమువారికి చక్కగా తెలియును. వానకారున అవి ఉబ్బి తిరుగవు. ఎండకారున వదలై నిలువవు. బిరడా ఒక కొసనుండి మఱియొక కొసకు సన్నబడుచుండును. ముప్పది మిల్లీమీటర్ల పొడవునకు ఒక మిల్లీమీటరు చొప్పున తగ్గుట నేటి వాడుక. బిరడాకును రంధ్రమునకును ఈ సన్నము ఒకటియై యున్నప్పుడే అది రెండు గోడలకును సరిగా ఆని నిలుచును. ఏబది అఱువది యేండ్లు తిరిగిన రంధ్రము పెద్దదగును గనుక క్రొత్త బిరడా అందులో లోతుగా దిగిపోవును. అప్పుడు కొందఱు కాగితము చుట్టి బిగించెదరు. ఆ కాగితము రంధ్రమును కోలగా అరగదీయును. మఱికొందఱు గరుకు కాగితముతో బిరడాను రుద్దెదరు. దానిచే గుండ్రదనము పోవును. సరియైన మార్గము రెండే: లావైన బిరడా దిమ్మను తెచ్చి రంధ్రమునకు సరిపడ చెక్కించుట, లేదా రంధ్రమును గట్టి కొయ్యతో పూడ్చి మఱల తొలిపించుట. జాఱు కొంచెమే యైనచో సుద్దపొడి చాలును. బిగిసినచో ఎండిన సబ్బుముక్కను రుద్ది పైన సుద్ద రాచుకొనవచ్చును. ఈ రెండింటికిని అణాపైసల ఖర్చు లేదు.

మంచి బిరడాలు ఎబొనీతో గాని రోజ్‌వుడ్డుతో గాని చేయబడును. రోజ్‌వుడ్డన మన యిరుగుడు జాతియే. ఎబొనీ యన దూరదేశపు వస్తువని తలంపనక్కఱలేదు. బీడీలు చుట్టు ఆకునిచ్చు మన తునికి చెట్టు ఆ కుటుంబములోనిదే. దాని నడిచేవ నల్లనిది గనుకనే దొరలు దానికి కోరమండలు ఎబొనీయని పేరిడిరి. అంగళ్లలో ఎబొనీయని అమ్ము బిరడాలలో పెక్కు తెల్లకొయ్యకు నల్లరంగు పట్టించినవి. తడిగుడ్డతో గట్టిగా తుడిచి చూడుడు. గుడ్డ నల్లనైనచో మీరు కొన్నది రంగు. లేదా చాటున నొకచోట కత్తిమొనతో గీయుడు. అట్టి కొయ్య మెత్తనిదగుటచే ఏడాది తిరుగకుండ కొరడుపడి జాఱనారంభించును.

తీగల విషయమున మన జాగ్రత్త వేఱుగా నుండవలెను. పూర్వము ఫిడేలునకు గొఱ్ఱెపేగులతో చేసిన నరములు కట్టెడివారు. పిమ్మట ఉక్కుతీగలు వచ్చినవి. 1970లో వియన్నా నగరపు థోమాస్టిక్-ఇన్‌ఫెల్డ్ వారు కృత్రిమపు నారపై లోహము చుట్టిన డామినెంటు తీగలను విక్రయింప మొదలిడిరి. ఉక్కుతీగలు చౌక, దృఢము, శ్రుతి నిలుపును. అయినను నరములకొఱకు చేసిన పాత ఫిడేలుపై నాలుగును దిట్టమైన ఉక్కుతీగలే బిగించుట మాకు సమ్మతము కాదు. వాని లాగుడు అధికము. సువార్తలయందు మాసికను గూర్చిన ఉపమానమును మన పిల్లలందఱు విన్నవారే. పాతవస్త్రమునకు వేసిన క్రొత్తగుడ్డ ముడుచుకొని చినుగును పెద్దది చేయునట్లు, బలమైన భాగము బలహీనమైన దేహమును లాగివేయును. మన సంగీతమునకు తీగలను పాశ్చాత్యుల శ్రుతికంటె దించి కట్టుట వాడుక గనుక లాగుడు కొంత తగ్గును. ఇది పాత ఫిడేళ్లకు మేలే. కాని మిక్కిలి సన్నని తీగలు అట్లు దించినప్పుడు వదలై గుసగుసలాడును. తీగలు కొనునప్పుడు మన శ్రుతి యెంతయో అంగడివానితో చెప్పి తీసికొనవలెను. తీగలను మాత్రము తపాలాలో నిశ్చింతగా తెప్పించుకొనవచ్చును, పొట్లముపైనున్న పేరును చూచి, బిగువు తక్కువదియో మధ్యమమో అడిగినచో చాలును.

జిగురును గూర్చి రెండు మాటలు. ఫిడేలు పలకలను వడ్రంగులు సరేసనెడి తోలుజిగురుతో అతికియుందురు. ఇది వేడినీటితో కరగును. తేమచేత ఒక్కొక్కప్పుడు అతుకు విడిపోవుట లోపమని మనవారు తలంచెదరు. మేమట్లు తలంపము. అతుకు విడకున్నచో పలకయే చీలును. విడిన అతుకును ఒక పూటలో అతుకవచ్చును, చీలిన పలకకు నెల పట్టును. నేడు ప్రతి యింటను దొరకు తెల్లని జిగురు గాని, రెండు గొట్టములలో వచ్చి రాయివలె గట్టిపడు జిగురు గాని తెచ్చి పూసినచో, తరువాత వచ్చు పనివాడు దానిని తెఱవలేడు. బాగుచేయుట యనిన తరువాతివాడు మఱల బాగుచేయుటకు వీలుంచుటయే గదా.

పాత కమానులను గూర్చి యొక సంగతి. వాని మొనకు దంతపు రేకు ఉండుట కలదు. అది విఱిగినచో దంతమే కావలెనని పట్టుబట్టువారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1986లోను 1991లోను వచ్చిన సవరణలును మన దేశమున దంతపు వ్యాపారమును నిషేధించినవి. ఎముక రేకు ఆ పనికి చక్కగా చాలును. ఏనుగును చంపి స్తుతిగీతము వాయించుట మాకు ఇంపుగా తోపదు. మేలైన కమానులకు వాడు బ్రెజిలు దేశపు పెర్నాంబుకో చెట్టు కూడ 2007 నుండి అంతర్జాతీయ ఒడంబడిక రక్షణలో నున్నది. కావున పాత కమాను కఱ్ఱ వంగలేదని తేలినచో, వెండ్రుకలు రాలినవని దానిని పారవేయవలదు. గుఱ్ఱపు వెండ్రుకలు మార్చిన చాలును.

అన్ని పాత ఫిడేళ్లును ఈ కష్టమునకు తగునా యని అడుగుదురేమో. తగవు. చెదలు పట్టి లోపలి దిమ్మలు గుల్లబారినవానిని, పలుచని పొరలు అతికించి అచ్చులో వంచిన కొయ్యతో చేసినవానిని గోడకు వ్రేలాడదీయవచ్చును. పలక అంచుల వెంబడి నల్లని గీత యుండును గదా. అది చెక్కి పొదిగినదో, సిరాతో గీసినదో చూడుడు. గీసినదైన, పెద్ద ఖర్చునకు ముందు తెలిసినవాని నొక్కమాఱు విచారింపుడు. ఈ విచారణ లేకుండ క్రొత్తదే మేలని వాదించువారి మాటను మాత్రము మేమొప్పము. క్రొత్త చౌక ఫిడేలునకును బ్రిడ్జిని చెక్కింపవలసినదే, బిరడాలను సరిచేయింపవలసినదే. ఆ ఖర్చు తప్పదు. అది యేదో మంచి కొయ్యపైననే చేయరాదా?

పనివాడెక్కడ దొరకునని తరువాతి ప్రశ్న. చెన్నపట్టణమునను కలకత్తాలోను ఫిడేళ్లు బాగుచేయువారు కలరు. మనకు సమీపమున బొబ్బిలిలో ఒకే పనస మ్రానుతో వీణను తొలుచు కుటుంబములవారు తరతరములుగా ఉన్నారు. వారు వీణకు మైనముపై ఇరువదినాలుగు మెట్లను నిలుపునప్పుడు, ఒక్కొక్క మెట్టును చెవితో విని నిలుపుదురే గాని కొలతపట్టీని నమ్మి ఊరకుండరు. ఫిడేలు పని వేఱే, వీణ పని వేఱే; వీణ పనివారు ఫిడేలు బ్రిడ్జి చెక్కుదురని మేము చెప్పుట లేదు. కాని భాగమును వాయిద్యము చెంతనే, వాయిద్యము కొఱకే చేయు ఆ పద్ధతిని చూచినవారికి, మేము పైన వ్రాసినది పరదేశపు చాదస్తముగా తోపదు. అట్టి పనివానికి కూలి ఇచ్చునప్పుడు మనవారు బేరమాడుట విచారకరము. చిన్న కొయ్యముక్కకు ఇంత వెలయా యని అడుగుదురు. ముక్క వెల స్వల్పమే. మూడు గంటలపాటు దానిని అరగదీసిన చేతికి మిగిలిన వెల.

మన పాఠశాల బీరువాలోని పాత ఫిడేళ్లను గూర్చి పాలకవర్గమువారికి మా మనవి యొకటి. వానిని అమ్మివేసి క్రొత్తవి కొనవలెనను ప్రతిపాదన యున్నది. అమ్ముటకు ముందు తెలిసిన పనివానిని ఒక దినము పిలిపించి, ఏది బ్రతుకునో ఏది బ్రతుకదో చెప్పించవలెను. బాగుచేయించిన ప్రతి ఫిడేలునకును ఒక చిన్న పుస్తకము నుంచి, ఏ సంవత్సరమున ఏ భాగము మార్చబడినదో, బ్రిడ్జి ఎత్తు ఎంతయో, తీగలేవియో అందులో వ్రాయించవలెను. తీసివేసిన బిరడాలను, బ్రిడ్జిలను, పుల్లలను పారవేయక, తేదీ చీటీ కట్టి ఒక డబ్బాలో నుంచి ఆ డబ్బాను ఫిడేలు పెట్టెతోనే యుంచవలెను. ఈ పుస్తకము వ్రాయుటకు తొమ్మిదవ తరగతి విద్యార్థులిద్దఱు ఇదివఱకే ఒప్పుకొనియున్నారు.